ఎవరి వయసమ్మా?

గొడుగుల కొట్టు పై వాటా,
స్టేషను వెనక వీధి.
జూన్ 3

పెద్దాసుపత్రిలో ముక్కల పరీక్ష చేసే డాక్టరమ్మ గారికి,

నన్ను గొడుగులమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి అది వదిలేయండి. వయసు డెబ్బై మూడు. యాభై ఏళ్లుగా ఒకే కొట్టులో గొడుగులు బాగుచేస్తున్నాను. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, పోయిన నా కొడుకు భార్య, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. కోడలు బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. మనవడు లిఫ్టు మెకానిక్కు. వాడికి ఇరవై మూడు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్క వాటా టైపు మాస్టారు రాస్తున్నాడు. నా మాటల్ని మెత్తబరచడం ఆయనకు అలవాటు. రెండుచోట్ల ‘దయచేసి’ అని పెట్టాడు, చదివించుకుని కొట్టేయించాను. ఫోను చేయొచ్చు కదా అంటారేమో. చేశాను. మీ కౌంటరువాళ్లు మూడుసార్లు ‘లైన్లో ఉండండి’ అని చెప్పి పెట్టేశారు. ఫోనైతే పెట్టేయొచ్చు, కాగితాన్ని పెట్టేయలేరు కదా.

నా గొడవ ఇది. ఫిబ్రవరి నుంచి మా వాడికి ఒంటికి వెళ్లడం కష్టమైంది. లిఫ్టు గుంటలో దిగినవాడు గంటకు నాలుగుసార్లు పైకెక్కి వస్తుంటే తోటివాళ్లు నవ్వారట. సిగ్గుపడి నెలరోజులు మాకు చెప్పలేదు. మా వీధి ఆసుపత్రిలో ఇన్ఫెక్షనన్నారు, మాత్రలిచ్చారు. మళ్లీ వెళితే మళ్లీ ఇన్ఫెక్షనన్నారు, ఇంకో రంగు మాత్రలిచ్చారు. ఏప్రిల్లో పూర్తిగా బిగుసుకుపోయి, గొట్టం వేస్తే గానీ రాలేదు. అప్పుడు ప్రొస్టేటు గ్రంథి కోసమని రక్తం తీసి చూసి, నార్మల్ అన్నారు. నొప్పికి గోడ పట్టుకుని నిలబడ్డవాడు నార్మలేంటండీ అని అడిగాను. “అంకె నార్మలమ్మా” అన్నాడు డాక్టరు. నొప్పి అంకెకు కాదు కదా, వాడికి.

నేను కదల్లేదు. ఆయన గది ముందు బల్ల మీద గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి స్కాను తీశారు. గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ ఉంది. సూదితో ఆరు ముక్కలు తీసి, మందునీళ్లున్న సీసాలో వేసి, మీకు అందజేయమన్నారు. కోడలికి సెలవు దొరకలేదు, వాడు మంచం దిగలేడు. వానలో రెండు బస్సులు మారి ఆ సీసాను నేనే తెచ్చి మీ కిటికీలో ఇచ్చాను.

పది రోజులకు మీ రిపోర్టు మా డాక్టరుకు చేరింది. ఇది ముసలి మగవాళ్లకు వచ్చే క్యాన్సరే, బాగా ముదిరింది అని రాశారట. కాబట్టి వాడి మగతనపు హార్మోన్లు ఎండగట్టే ఇంజక్షను ఇస్తారట. మూడు నెలలకొకటి, ఎల్లకాలం. మొదటిది ఈ నెల పదిహేనున.

నా దగ్గరకు ఎవరైనా గొడుగు తెచ్చి గుడ్డ చిరిగిందని చెప్పినా, నేను తెరిచి ఊచలన్నీ చూస్తాను. నిన్నగాక మొన్న కొన్న గొడుగుకు పాత గొడుగు తెగులు ఎందుకొచ్చిందని అడుగుతాను. మీరు అడిగారా? ఇరవై మూడేళ్లవాడికి ముసలివాళ్ల రోగమేంటని మీలో ఒక్కరైనా ఆగారా? ఆ ముక్కలు అంటించిన గాజు పలకలు తీసి మళ్లీ చూడండి. పదిహేనులోగా చూడండి. అడుక్కోవడం లేదు, అడుగుతున్నాను.

గొడుగులమ్మ వేలిముద్ర
సాక్షులు: రాసిన టైపు మాస్టారు, కింది కొట్టు తాళాలాయన


ముక్కల పరీక్ష విభాగం,
రెండో అంతస్తు.
జూన్ 6

గొడుగులమ్మ గారికి,

తాళాలాయన తెచ్చిన మీ ఉత్తరం నిన్న చదివాను. మొదటి పేరాలోనే ఆగిపోయాను. మా రికార్డులో మీ మనవడి వయసు డెబ్బై మూడు అని ఉంది. మీ ఉత్తరంలో డెబ్బై మూడు మీ వయసు.

వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఇంజక్షన్ ఆపించాను, నా రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. ఆయన రిపోర్టులో వయసు చూశారట. మా టైపు తప్పనుకుని, పెన్నుతో ఇరవై మూడు చేసుకుని, చివరి వాక్యం మాత్రం చదువుకున్నారట.

పలకలకు, కణాలు ఏ రకమో పట్టిచ్చే కొత్త రంగులు వేయిస్తున్నాను. అయితే ఒక చిక్కు ఉంది. ఆ అంకె రెండు రకాలుగా వచ్చి ఉండొచ్చు. సీసా తెచ్చినవారు పొరపాటున చెప్పి ఉండొచ్చు. లేదా నిజంగానే డెబ్బై మూడేళ్ల వేరొకరి సీసా మీ వాడి పేరు మీదికి వచ్చి ఉండొచ్చు. ఆ రోజు ఇలాంటి సీసాలు ఇంకో రెండు వచ్చాయి. రెండోదే నిజమైతే నేను చూస్తున్నవి మీ మనవడి ముక్కలు కావు.

మా గుమాస్తాకు చీటీ తడిసి, వయసు చెరిగిపోయి ఉందని గుర్తుంది. తెచ్చినవారిని అడిగి రాసుకున్నాడట. వాళ్ల జవాబు గుర్తులేదట. ఆ జవాబు మీరే చెప్పాలి. మిమ్మల్ని వయసు అడిగారా? ఏమన్నారు? ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఉన్నది ఉన్నట్టు రాయించండి.

విభాగం డాక్టరు


స్టేషను వెనక వీధి.
జూన్ 9

డాక్టరమ్మ గారికి,

ఇంజక్షను ఆపించారు, మంచిది. మిగతాది మాత్రం నాకు నచ్చలేదు.

నా మనవడి వయసు నాకు తెలియదనుకుంటున్నారా? వాడు పుట్టినరోజున ఎంత వాన పడిందో, కొట్టు ముందు ఎన్ని గొడుగులు వరసకట్టాయో ఇప్పటికీ చెప్పగలను. వాడి నాన్న పోయాక వాణ్ణి చంకలో వేసుకునే కుట్టాను. నన్నడిగితే ఇరవై మూడనే చెప్పి ఉంటాను. మీ గుమాస్తా తల ఎత్తే రకం కాదు. కిటికీ అవతల మనిషో మంచమో కూడా చూడడు. అతని చెవులు శుభ్రం చేయించండి, తర్వాత నన్నడుగుదురు గాని.

మా మాస్టారు ఇక్కడ ‘క్షమించాలి’ అని రాయబోయాడు. చేయి పట్టుకుని ఆపాను.

వాడు రెండు రోజులుగా తిండి తినడం లేదు. పలకల సంగతి త్వరగా తేల్చండి.

గొడుగులమ్మ వేలిముద్ర
సాక్షి: టైపు మాస్టారు


ముక్కల పరీక్ష విభాగం.
జూన్ 11

గొడుగులమ్మ గారికి,

అయితే ఆ సీసా ఎవరిదో నాకు తెలియదనే అనుకోవాలి. మీ మనవడికి మళ్లీ సూదులు వేసి ముక్కలు తీయించక తప్పదు. పదహారో తేదీకి ఏర్పాటు చేశాను. గడ్డ వాచి ఉంది, గొట్టం ఉంది. ఈసారి రక్తం పోవచ్చు, జ్వరం పట్టుకోవచ్చు. ఫలితానికి ఇంకో పది రోజులు. మిగిలిన ముక్కనూ అతని రక్తాన్నీ సరిపోల్చే పరీక్షకు కూడా పంపాను, కానీ అదెప్పుడొస్తుందో నా చేతుల్లో లేదు.

పాత పలకల్లో కొత్త రంగులు ఏం చూపిస్తున్నాయో, అవి అతనివేనని తేలేదాకా రాయను. నేననుకుంటున్నదే అయితే అది వారం వారం పెరిగే రకం. పది రోజులు తక్కువేమీ కాదు.

ఒక్క మాట. నా పని చిన్నవాటిని చూడటమే కాబట్టి కనిపించింది. మీ ఉత్తరంలో మీరు ‘చెప్పాను’ అనలేదు, ‘చెప్పి ఉంటాను’ అన్నారు. పదహారు దాకా సమయముంది.

విభాగం డాక్టరు


స్టేషను వెనక వీధి.
జూన్ 13

డాక్టరమ్మా,

నేనే చెప్పాను. డెబ్బై మూడని నేనే చెప్పాను.

మొన్న మాస్టారు ‘ఇరవై మూడని చెప్పాను’ అనే రాశాడు. నేనే కొట్టించి ‘చెప్పి ఉంటాను’ అని పెట్టించాను. అబద్ధం కింద వేలిముద్ర వేయడానికి వేలు రాలేదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆ రెంటి మధ్య దాక్కుంటే మీరు వెతికి పట్టుకున్నారు.

జరిగింది వినండి. రెండో బస్సులో సీసా మూత కారడం మొదలెట్టింది. చీటీ తడిసింది, నా ఒళ్లు తడిసింది, ఆ వాసనకు పక్కనున్నవాడు లేచిపోయాడు. గొడుగు గుడ్డను ఊచకు కట్టే నల్లదారం ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. దాన్ని మూత కింద బిగించి కట్టాను. మూడు చుట్లు, వెనక్కి ఒక మెలిక, మళ్లీ రెండు చుట్లు. నా మామగారు నేర్పిన ముడి అది. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వేయరు.

మీ కిటికీ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ రంధ్రంలోంచి గుమాస్తా “వయసెంతమ్మా?” అన్నాడు. అమ్మా అని నన్నే పిలిచి అడిగితే నా వయసే అనుకోనా? డెబ్బై మూడు అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను. ఈ వయసులో ఒక్కదాన్నే వానలో ఇంత దూరం వచ్చాను కదా, అయ్యో కూర్చోండి అంటాడనుకున్నాను. రాసుకుని, తర్వాతివాళ్లు రండి అన్నాడు.

మీ మొదటి ఉత్తరం చదివి వినిపించగానే నాకు ఆ కిటికీ గుర్తొచ్చింది. వాడి ప్రాణం మీదికి తెచ్చింది నేనని వాడికి తెలిస్తే నా మొహం చూస్తాడా అనిపించింది. ఆసుపత్రి తప్పని ఆసుపత్రివాళ్లే మోసుకుంటారులే అనుకున్నాను.

నిన్న మాస్టారు మీ రెండో ఉత్తరం చదువుతుంటే వాడు మంచం మీంచి విన్నాడు. “నానమ్మా, మళ్లీ సూదులా? నా వల్ల కాదే” అన్నాడు. వాడు నన్ను ఇలా ‘ఏమే, కాదే’ అనేది చిన్నప్పటి నుంచీ బాగా భయపడ్డప్పుడే. ఇంక ఆగలేక చెప్పేశాను. వాడు గొట్టం నొప్పి పుట్టేదాకా నవ్వాడు. “ఒక్క మాటతో యాభై ఏళ్లు నా నెత్తిన పెట్టావు. ఆ లెక్కన నాకు పింఛను రావాలి కదా” అన్నాడు. కోడలు నవ్వలేదు. చెప్పులేసుకుని పనికి వెళ్లింది. నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని నేనూ అడగను.

సీసా వాడిదే. వాణ్ణి మళ్లీ పొడవొద్దు. కావాలంటే నన్ను పొడవండి.

గొడుగులమ్మ వేలిముద్ర
సాక్షులు: టైపు మాస్టారు, తాళాలాయన (ఈ ఉత్తరం మీ చేతికిచ్చి, మీ జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుంటానన్నాడు)


ముక్కల పరీక్ష విభాగం.
జూన్ 20

గొడుగులమ్మ గారికి,

ఆ రోజు మీ తాళాలాయనకు చెప్పి పంపిన మాటనే కాగితం మీద పెడుతున్నాను. మిగిలిన ముక్కలుండే సీసాలను మేం కొన్ని వారాలు దాచి ఉంచుతాం. మీ ఉత్తరం పట్టుకుని ఆ అర దగ్గరికి వెళ్లాను. ఆ తేదీవి మూడు సీసాలున్నాయి. ఒక్కదాని మెడకే, నేను చూసిన పలకల నంబరే ఉన్నదానికే, నల్లదారం ఉంది. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. మూడు చుట్లు, మెలిక, రెండు చుట్లు. విప్పలేకపోయాను, ఎవరినీ విప్పనివ్వలేదు కూడా. పదహారు నాటి సూదులు అప్పుడే రద్దు చేశాను. రక్తంతో సరిపోల్చిన ఫలితం నిన్న వచ్చింది. మీ ముడి చెప్పిందే అదీ చెప్పింది.

ఇప్పుడు జబ్బు సంగతి. ఇది ముసలివాళ్లకు వచ్చే రకం కాదు. కండరంగా తయారవబోయి కాలేకపోయిన కణాలు గ్రంథిలో గడ్డకట్టాయి. రాబ్డోమయోసార్కోమా అంటారు. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఎక్కడో ఒకరికి వస్తుంది. ఆ రక్తపరీక్ష కొలిచేది గ్రంథి కణాలు తయారుచేసే పదార్థాన్ని. ఇవి గ్రంథి కణాలు కావు. అందుకే గడ్డ పెరుగుతున్నా అంకె నార్మల్‌గా ఉంది. హార్మోన్ ఇంజక్షన్ దీన్ని తాకను కూడా తాకేది కాదు. మూడు వారాలకొకసారి నరంలోకి మందు, ఆ తర్వాత రేడియేషన్, అవసరమైతే ఆపరేషన్. ఊపిరితిత్తులకు, ఎముకలకు పాకలేదని స్కాన్ చెబుతోంది. అందరికీ నయమవుతుందని రాయలేను. నయమైనవాళ్లు ఉన్నారని రాయగలను.

మందు మొదలుపెట్టే ముందు అతని వీర్యం భద్రపరచాలి. తర్వాత పిల్లలు కావాలనుకుంటే అక్కరకొస్తుంది. అతను సిగ్గుపడతాడు. మీరు పడరనుకుంటున్నాను.

మీరు నిజం రాయించారు కాబట్టి నేనూ రాస్తాను. చీటీలో డెబ్బై మూడు అని చూశాక నా కళ్లు డెబ్బై మూడేళ్ల మనిషినే చూశాయి. కణాలు గుండ్రంగా, నల్లగా, ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి. వింతగా ఉన్నాయని ఒక్క క్షణం అనిపించింది. ముసలివాళ్లలో ముదిరితే ఇలాగే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంకో రంగు వేయించి ఉంటే ఆ రోజే తెలిసేది. అంకె మీరు చెప్పారు, నమ్మింది నేను.

విభాగం డాక్టరు


స్టేషను వెనక వీధి.
సెప్టెంబరు 14

డాక్టరమ్మా,

మూడు విడతలైంది. ఇన్నాళ్లూ రాయించలేదు, రాయించడానికి ఊపిరాడలేదు.

మీరు చెప్పిన ఆ భద్రపరిచే చోటికి నేనే తీసుకెళ్లాను. నర్సు వాడి చేతికి చిన్న డబ్బా ఇచ్చింది. వాడు చెవుల దాకా ఎర్రబడి “నానమ్మా, నువ్వు కాస్త వీధి చివరిదాకా వెళ్లిరా” అన్నాడు. “ఈ సీసా నేను మోయనులే, భయపడకు” అన్నాను. నర్సు నవ్వు ఆపుకోలేక చచ్చింది. ఇది రాసేటప్పుడు మాస్టారికి దగ్గొచ్చింది, మంచినీళ్లిచ్చాను.

అక్కడితో నవ్వులు అయిపోయాయి. జుట్టంతా పోయింది. నోరంతా పుండ్లు. నాలుగో విడతకు వెళితే తెల్లకణాలు పడిపోయాయని వెనక్కి పంపారు. జ్వరంతో ఎనిమిది రోజులు వార్డులో ఉన్నాడు. బయటికొచ్చాక ఇక వెళ్లనన్నాడు. ఎందుకురా అంటే, “నీ వయసు నాకిచ్చావుగా, డెబ్బై మూడేళ్లు బతికేసినట్టే లెక్క, చాల్లే” అన్నాడు. అప్పుడు నవ్వుతూ అన్న మాటే. ఈసారి నవ్వలేదు.

చెంప పగలగొట్టాలని చెయ్యెత్తాను. ఆ బుగ్గలో కొట్టడానికి ఏమీ లేదు. చేయి దించేశాను. వెనక నుంచి కోడలు వచ్చి నా చేయి పట్టుకుంది. జూన్ తర్వాత అది నన్ను ముట్టుకోవడం అదే. “అత్తయ్యా, మీరు వాణ్ణేం అనకండి. డాక్టరమ్మకే రాయించండి” అంది.

అందుకే రాయిస్తున్నాను. ఒకటి తిన్నగా చెప్పండి. నా మాట వల్ల ఎన్ని రోజులు పోయాయి? ఆ రోజుల్లో ఆ గడ్డ ఎంత పెరిగింది? వాడికి ఏమైనా అయితే అది నా లెక్కా, రోగం లెక్కా? మెత్తబరచి రాయకండి. నాకు మాస్టారున్నాడు దానికి.

ఇంకొకటి. సోమవారం మళ్లీ రమ్మన్నారు. వాడు వెళ్లాలి. ఎలా పంపమంటారు?

గొడుగులమ్మ వేలిముద్ర
సాక్షులు: టైపు మాస్టారు, నా కోడలు


ముక్కల పరీక్ష విభాగం.
సెప్టెంబరు 16

గొడుగులమ్మ గారికి,

సీసా ఇచ్చిన రోజు నుంచి మీ ఉత్తరం నాకు అందేదాకా ఇరవై మూడు రోజులు. నిజం దాచిన రోజులు నాలుగు. ఆ నాలుగూ మీవి. ముందటి ఇరవై మూడూ మీవి, గుమాస్తావి, మీ డాక్టరువి, నావి. వాటివల్ల ఎంత నష్టం జరిగిందో తెలియదు. ఓదార్పుకు చెప్పడం లేదు, నిజంగానే తెలియదు. మీరు ఉత్తరం రాయించకపోతే ఏం జరిగేదో మాత్రం తెలుసు. అతనికి ఈ మందు పడేదే కాదు.

కింద ఉన్నది అతనికి చదివించండి.

బాబూ, పోయిన వారం తీసిన నీ స్కాన్ చూడటానికి కింది అంతస్తుకు వెళ్లాను. గడ్డ సగానికి పైగా తగ్గింది. మధ్యలో ఆపిన లిఫ్టులోంచి ఎవరూ దిగలేరని నీకు నేను చెప్పనక్కర్లేదు. సోమవారం ఎనిమిదింటికి వార్డు గుమ్మం దగ్గర ఉంటాను. నన్ను నిలబెట్టకు.

విభాగం డాక్టరు


గొడుగుల కొట్టు పై వాటా,
స్టేషను వెనక వీధి.
జనవరి 22

డాక్టరమ్మాయీ,

నన్ను గొడుగులమ్మ అంటారు. నా వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురమూ ఉన్నామని మాస్టారి చేత రెండుసార్లు రాయించాను, ఒకటి కొట్టేశాడు.

ఆ సోమవారం నువ్వు గుమ్మంలో నిలబడ్డావు కాబట్టి వాడు ఆగకుండా లోపలికి వెళ్లాడు. నేను మెట్ల దగ్గరే ఉన్నాను, చూశాను. నిన్ను ‘నువ్వు’ అంటున్నానని మాస్టారు కళ్లతోనే వద్దంటున్నాడు. వాణ్ణి ‘బాబూ’ అన్నావు కదా, నువ్వూ నాకు అమ్మాయివే.

డిసెంబరులో గొట్టం తీసేశారు. మొదటిసారి వాడు తనంతట తాను ఒంటికి వెళుతుంటే, తలుపు అవతల నేనూ కోడలూ చెవులు పెట్టి నిలబడ్డాం. యాభై ఏళ్లు వాన చప్పుడు విని సంతోషించినదాన్ని. దీని ముందు అదెంత. “మీరిద్దరూ అక్కడినుంచి వెళతారా లేదా?” అని లోపల్నుంచి అరిచాడు. వెళ్లలేదు.

నిన్న రేడియేషను తర్వాతి స్కాను. ఆ కిటికీ నీ కిటికీ పక్కదే. పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడ్డాం. వాడు నా పక్కన, తలమీద కొత్త జుట్టు గడ్డిలా లేచి ఉంది. ఇప్పుడు ఈ కిటికీలో కూర్చోబెట్టారేమో, రంధ్రంలోంచి అదే గుమాస్తా. తల ఎత్తాడు! నన్ను చూసి గుర్తుపట్టాడు, మొహం పాలిపోయింది. “వయసు... ఎవరి వయసంటే... రోగి వయసమ్మా” అన్నాడు. నువ్వే నేర్పించి ఉంటావు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఒక్క అక్షరం మాట్లాడలేదు. వాడి వీపు మీద ఒకటి వేసి ముందుకు తోశాను.

వాడు కిటికీకి వంగి, “ఇరవై నాలుగు” అన్నాడు.

వెనకాల వాళ్లకు కూడా వినపడేలా అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. రాసింది మళ్లీ చదవమన్నాను. చదివాడు.

స్కానులో గడ్డ ఉన్నచోట మచ్చ మాత్రమే ఉందన్నారు. అది బతికిందో చచ్చిందో ఇంకా చెప్పలేమన్నారు. మందు ఇంకా రెండు విడతలు ఉంది. తర్వాత మూడు నెలలకొకసారి రావాలి. ప్రతిసారీ ఆ కిటికీలో ఆ అంకె అడుగుతారు. అడగనీ. నేను పక్కనే నిలబడతాను, నోరు మూసుకుని.

నా ముడి ఉన్న సీసా ఇంకా ఉంటే పారేయకు. లేకపోతే చెప్పు, దారం నా సంచిలోనే ఉంది.

గొడుగులమ్మ వేలిముద్ర
సాక్షులు: రాసిన టైపు మాస్టారు
కింది కొట్టు తాళాలాయన
కోడలు, కాజాలు కుట్టే ఆమె
లిఫ్టు మెకానిక్కు, వయసు ఇరవై నాలుగు. ఇది తన చేత్తో తనే రాసుకున్నాడు.